తిరగేసి బిగించిన ఫ్యాన్

నిన్న మధ్యాహ్నం జనగామలో టీ తాగుతుంటే పక్కన ఒక పాత లారీ వచ్చి ఆగింది. ముందు జాలీలోంచి ఆవిరి బుస్సుమంటోంది. తుప్పు నీళ్లు, కాలిన రబ్బరు, వేడి ఇనుము కలిసిన వాసన నా గ్లాసు దాకా వచ్చింది. ఆ డ్రైవరు తిట్టుకుంటూ రేడియేటర్ మూత మీద గుడ్డ వేయబోయాడు. "ఆగు తమ్మీ, చల్లారనియ్యి!" అని అరిచాను. అరిచాక తెలిసింది, గొంతు నాదే గానీ మాట సోమ్లన్నది. ఆయన పోయి రెండేళ్లు దాటింది. మిగిలిన టీ తాగబుద్ధి కాలేదు.

సోమ్లన్న లారీ మెకానిక్. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. ఆ ఊరి చివర ఆయన రేకుల షెడ్డు ఉండేది. సొంతూరు గార్ల దగ్గర ఒక తండా. ఇంట్లో లంబాడీ, మా డ్రైవర్లతో తెలుగు, బోల్టు మొండికేస్తే మళ్లీ లంబాడీ. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చ మెరుస్తుండేది. వయసులో ఉన్నప్పుడు తొందరపడి వేడి రేడియేటర్ మూత తిప్పాడట. అందుకే ఎంత పెద్ద డ్రైవరు వచ్చినా సరే, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి తీయకుండా ఒక టీ తాగగలిగేదాకా ఇంజన్ ముట్టనిచ్చేవాడు కాదు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఏ ఫ్యాన్ బిగించినా రేడియేటర్ వైపు ఉండే ముఖం మీద పసుపు రంగుతో చిన్న చుక్క పెట్టేవాడు. "లారీకి బొట్టు పెడుతున్నవా అన్నా?" అని ఆటపట్టించేవాళ్లం. "అవు మరి. ముఖమేదో వీపేదో మీకు తెల్వాలె గద" అనేవాడు.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. ముక్కు మీద కోపం. నా లారీ నాకంటే చిన్నదే గానీ నాకంటే ఎక్కువ దగ్గేది. ఒక ఎండాకాలం దాని ఫ్యాన్ ఊగుతుంటే సోమ్లన్న బేరింగ్ మార్చి, ఫ్యాన్ సరిచేసి, చుక్క పెట్టి పంపాడు. వారానికి భూపాలపల్లిలో బొగ్గు కోసం లైనులో ఉండగా బెల్టు తెగింది. కొత్త బెల్టు ఎక్కించడానికి ఫ్యాన్ అడ్డమొస్తే నేనే విప్పి, వెనక బండ్ల హారన్లు వింటూ హడావిడిగా మళ్లీ బిగించాను. ఆ రోజు నుంచి లోడు పడితే చాలు, వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది. ఖాళీ బండి మాత్రం చక్కగా పోయేది. తప్పు నాదై ఉండొచ్చని కలలో కూడా తోచలేదు.

మానుకోట చేరేసరికి నా బుర్ర ఇంజన్ కంటే వేడెక్కి ఉంది. షెడ్డు ముందు ఐదుగురు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. వాళ్లందరి ముందు, బండి దిగుతూనే అరిచాను: "తండాల గొర్లు కాసుకునేటోని చేతిల ఇంజన్ పెట్టిన. నాదే బుద్ధి తక్కువ!"

సోమ్లన్న నా వైపు చూడలేదు. "జర చల్లారనియ్యి తమ్మీ" అన్నాడు. ఇంజన్ చల్లారాక స్టార్ట్ చేయించి, జాలీకి ఒక కాగితం ఆనించాడు. ఫ్యాన్ గాలి బాగా లాగితే కాగితం జాలీకి అతుక్కోవాలి. అది కొద్దిసేపు వణికి కింద పడింది. బండి ఆపించి, నన్ను దగ్గరికి పిలిచి, స్పానరు కొసతో చూపించాడు. పసుపు చుక్క ఇంజన్ వైపు ఉంది. ఫ్యాన్‌ను తిరగేసి బిగించాను. అలా బిగిస్తే తిరుగుతుంది గానీ చాలినంత గాలి లాగదు.

"ఏమైందే సోమ్లన్నా?" అని వెనకనుంచి ఒకాయన అడిగాడు.

"బెల్టు వదులైంది, గంతే" అన్నాడు సోమ్లన్న.

అప్పుడే నోరు విప్పాల్సింది. విప్పలేదు. ఆయన ఫ్యాన్‌ను సరిగ్గా తిప్పి బిగించాక బండి తీసుకుని వచ్చేశాను. నా అరుపు ఆ నోటా ఈ నోటా పడి, సోమ్ల పెట్టిన ఫ్యాన్ నిలవదట అనే మాటగా మారింది. షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి. నెల తర్వాత సిగ్గుతో చచ్చి ఆయన దగ్గరికి పోయి, ఫ్యాన్ తిరగేసింది నేనేనని చెప్పాను.

ఆయన డీజిల్‌తో చేతులు కడుక్కుంటూ, "నాకెర్కనే గద. ఎర్క లేనోళ్లకు చెప్పు" అన్నాడు.

ఆ రోజు షెడ్డు ముందున్న ఐదుగురికీ చెప్పడానికి దాదాపు ఏడాది పట్టింది. ఒకాయన పెద్దవంగరలో వడ్ల లోడు ఎత్తుతుంటే చెప్పాను. ఒకాయనకు డోర్నకల్ గేటు దగ్గర, రైలు కోసం ఆగినప్పుడు. ఇద్దరికి భూపాలపల్లి లైనులోనే, పదిమంది వింటుండగా. అందరూ పగలబడి నవ్వారు. బండ్లు మెల్లగా సోమ్లన్న దగ్గరికి తిరిగొచ్చాయి. పోయినప్పుడల్లా ఆయన వేళ్లు మడిచి, "ఇంకెందరు?" అని కళ్లెగరేసేవాడు. ఆ కళ్ల కోసమే పని లేకపోయినా బండి అటు తిప్పేవాణ్ణి. ఇంజన్ మాట వినడం, చేతికంటే ముందు కళ్లు పెట్టడం, అన్నీ ఆ షెడ్డులోనే నేర్చుకున్నాను.

ఐదో డ్రైవరు మాత్రం నవ్వలేదు. "ఫ్యాన్ సంగతి మంచిదే. తండా అని ఒక మాటన్నవు గద, దానికేం జెప్పినవ్?" అని అడిగాడు. మళ్లీ తనే, "నాది గుడ తండానే" అన్నాడు.

నా తల కొట్టేసినట్టయింది. ఏడాదంతా ఊరూరా ఫ్యాన్ గురించి చెప్పుకొచ్చాను గానీ, ఆ మాట గురించి ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాల్సింది సోమ్లన్నకే. ఈ లోడు దించి పోదాం, వచ్చే లోడు దించి పోదాం అనుకుంటూ వాయిదా వేశాను. ఇంతలో ఆయన దవాఖానలో ఉన్నాడని తెలిసింది. నేను చేరేసరికి తండాకు తీసుకుపోయారు. వెనకే తండాకు పోయాను, అప్పటికే అంతా అయిపోయింది.

ఆయన భార్య నాకు చెంబుతో నీళ్లిచ్చింది. "మీ అన్న నీ ముచ్చట జెప్పేటోడు, నాయినా. తప్పు జేస్తే ఒప్పుకునే మనిషి అనేటోడు" అంది. నేను ఒప్పుకున్నది సగమేనని చెప్పబోయాను. ఆ ఇంట్లో, ఆ రోజు, ఆ మాట మళ్లీ పలకడానికి నోరు రాలేదు. నీళ్లు తాగి వచ్చేశాను.

ఇప్పుడు క్యాబిన్‌లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు, "అన్నా, గా మాట తప్పే" అని పైకే అంటుంటాను. ఎన్నిసార్లు అలా అన్నా గుండె తేలికపడదు. ఆయన ఉంటే చేతులు తుడుచుకుంటూ ఏదో ఒకటి అనేవాడు. తిట్టినా బాగుండేది.