జత లేనిదే కదలనివ్వని రసూల్‌బీ

రసూల్‌బీ పిన్ని తన కళ్ళెదుట ఏ మనిషినీ ఒంటరిగా కదలనిచ్చేది కాదు. అదే ఆవిడ జబ్బు. గుమ్మం దాటబోయే మనిషి ఒక్కడే కనిపిస్తే చాలు, చీపురు గోడకి ఆనించి, చుట్టూ ఒకసారి చూసి, ఇంకో మనిషిని పట్టుకొచ్చి జత కలిపేసేది. పెళ్ళిళ్ళ పేరయ్యలైనా జాతకాలు చూస్తారు. పిన్ని అదీ చూడదని మేమంతా అనుకునేవాళ్ళం.

నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య హైవే దిగి ఆరు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వచ్చే ఊళ్ళో మా బ్యాంకు బ్రాంచి ఉండేది. రెండు గదులు, ఒక ఇనప్పెట్టె, వరండాలో ఒక బెంచీ. నేను, అంటే జాయిస్ అనే నందిగామ మనిషిని, అందులో నాలుగేళ్ళు క్యాషియరుగా చేశాను. మేనేజరు దేవరాజ్ గారు. పిన్ని పదిహేడేళ్ళుగా రోజుకూలీ మీద ఊడ్చి, తుడిచి, నీళ్ళు పట్టి, టీ తెచ్చేది. ఊడవడం ఆవిడ ఉద్యోగం. జతలు కలపడం ఆవిడ వ్యాపకం.

నేను చేరిన రోజున ఆధార్ జిరాక్సు తీయించుకోవడానికి లేచాను. షాపు రోడ్డుకి అవతలే, కిటికీలోంచి కనిపిస్తుంది. పిన్ని అడ్డం వచ్చింది.

"ఒక్కళ్ళే వెళ్తున్నారా?"

"జిరాక్సుకండీ. అదిగో, షాపు కనపడుతూనే ఉంది."

"కనపడుద్దండి. అయినా ఒక్కళ్ళే ఎందుకు?" అని బెంచీ మీద కునుకు తీస్తున్న పెద్దాయన్ని తట్టి లేపింది. ఆయన ఎందుకని అడగలేదు. కండువా దులుపుకుని నన్ను రోడ్డు దాటించాడు, జిరాక్సు అయ్యేదాకా నిలబడ్డాడు, మళ్ళీ దాటించి తీసుకొచ్చి, బెంచీ మీద కూర్చుని మిగిలిన కునుకు పూర్తి చేశాడు. ఊరంతా ఈ రకంగానే తయారై ఉందని నాకు తెలియడానికి వారం పట్టింది.

దేవరాజ్ గారు గట్టి మనిషి. నెల రోజులు ఎదురు తిరిగారు. ఒకరోజు టిఫినుకి వెనక గుమ్మంలోంచి జారుకున్నారు. హోటల్లో ఇడ్లీ తుంచేలోపు ఎదురు కుర్చీలో ఒక మిర్చి రైతు వచ్చి కూర్చుని, పిన్ని పంపిందండి అన్నాడట. రెండో ఇడ్లీ అయ్యేసరికి అతని పంట లోను సంగతి సగం తేలిపోయింది. ఆ మర్నాటి నుంచి మేనేజరు గారు ముందు గుమ్మంలోంచే, చెప్పి మరీ వెళ్ళేవారు.

తనిఖీకి వచ్చిన ఆడిటరు గారి అనుభవం ఇంకా గొప్పది. మా మరుగుదొడ్డి పెరట్లో, గోడ పక్కన ఉండేది. ఆయన అటు నడుస్తుంటే పిన్ని ఒక మనిషిని వెంట పంపింది. ఆ మనిషి తలుపు బయట నిలబడి, లోపలున్న పెద్దమనిషికి తోచకుండా ఉండకూడదని, పత్తి రేట్ల గురించి ఆపకుండా మాట్లాడాడు. ఆడిటరు గారు తొందరగా బయటికొచ్చి, తొందరగానే తనిఖీ ముగించారు. రిపోర్టులో 'సిబ్బంది సహకారం అవసరానికి మించి ఉన్నది' అని రాశారు.

అన్నిటికన్నా మించినది రాంబాబు, కృపారావుల జత. ఇద్దరివీ పక్కపక్క పొలాలు. గట్టు తగాదా ఎనిమిదేళ్ళుగా కోర్టులో నడుస్తోంది. ఒకరు లోపలుంటే రెండోవాళ్ళు వరండాలోకి కూడా వచ్చేవారు కాదు. ఒకరోజు పిన్ని ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని నా కౌంటరు దగ్గర నిలబెట్టింది. కృపారావు మీసం వణికింది. రాంబాబు సీలింగు ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. పిన్ని కదలదు, వెనక లైను పెరుగుతోంది. చివరికి ఒకే పెన్నుతో రెండు ఫారాలూ నిండాయి, ఇద్దరూ వెళ్ళారు. ఆ తర్వాత పనేదైనా కలిసే వచ్చేవారు. ఆఖరికి నందిగామలో వాయిదాకి కూడా ఒకే బండి మీద వెళ్ళి, అక్కడ దిగి, చెరో ప్లీడరు పక్కన నిలబడి, వాదన అయ్యాక మళ్ళీ అదే బండెక్కి వచ్చేవారు. కేసు మాత్రం మానలేదు. పెట్రోలు సగం సగం.

నాకు ఒక్కోసారి విసుగొచ్చేది. ఇద్దరిద్దరు చొప్పున వచ్చి కౌంటరు మీద వాలితే చిల్లర లెక్కపెట్టడానికి చెయ్యి ఆడదు. ఒకసారి కోపం పట్టలేక, వాళ్ళేమన్నా చిన్నపిల్లలా పిన్నీ, దారి తెలియదా అన్నాను.

"దారి తెలుసండి" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగో ఏడు ఎండాకాలంలో విజయవాడ రీజనల్ ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు కారులో వచ్చారు. వరండాలో ఊరివాళ్ళని కూర్చోబెట్టి, ఈ బ్రాంచిలో వ్యాపారం చాలడం లేదనీ, నెలాఖరుకి మూసేస్తున్నామనీ, ఖాతాలన్నీ నందిగామకి మారతాయనీ చెప్పారు. ఎవరూ కంగారు పడక్కర్లేదు, ఇప్పుడు బ్యాంకు అంతా ఫోన్లోనే ఉందన్నారు. ముందు వరసలో ఉన్న ఆరోగ్యమ్మ, డ్వాక్రా గ్రూపు లీడరు, తన మీటల ఫోను తీసి ఆయన చేతిలో పెట్టి, ఏ మీటలో ఉందో చూపించమని అడిగింది. ఆయన ఆ ఫోను ముందూ వెనకా తిప్పి చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేశారు.

మిగతా సంగతి ఊరికి ఒక్కొక్కటిగా అర్థమైంది. పది గ్రూపుల ఆడవాళ్ళు వాయిదా కట్టాలంటే ఒక పూట కూలి పోతుంది. బంగారం పెట్టాలన్నా విడిపించాలన్నా ఆటో ఎక్కాలి. జిరాక్సు షాపతను షట్టరు వైపు చూస్తూ నిలబడ్డాడు. టీ కొట్టు ఖాదర్ వలి ఆ రోజు టీ ఎవరికీ సరిగ్గా ఇవ్వలేదు, ఒకళ్ళకి చక్కెర లేదు, ఇంకొకళ్ళకి చక్కెరే టీ. నాకు నందిగామ, దేవరాజ్ గారికి గుడివాడ అని ఆర్డర్లు వచ్చాయి. పిన్ని పేరు ఎక్కడా లేదు. రోజుకూలీ వాళ్ళు ఆర్డర్లో ఉండరమ్మా అని ఆఫీసరు నెమ్మదిగానే చెప్పారు. ఆయనకీ బాధగానే ఉంది.

పిన్ని ఆ మాట విని తలూపింది. తర్వాత కారు వైపు చూసింది.

"సారు ఒక్కరే వచ్చారా? మళ్ళీ ఒక్కరే వెళ్తారా?"

డ్రైవరు ఉన్నాడమ్మా అన్నారాయన. డ్రైవరు రోడ్డు చూడాలి కదండి అని, ఆరోగ్యమ్మని వెనక సీట్లో ఎక్కించేసింది. ఆరోగ్యమ్మకి మోకాలు చూపించుకోవడానికి కంచికచర్ల వెళ్ళే పని ఉంది. కంచికచర్ల దాకా ఆవిడ మోకాలి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదట. పది గ్రూపుల్లో ఎవరెవరు ఏం పని చేస్తారో, ఏ రోజు ఎవరికి కూలి ఉండదో, నందిగామ వెళ్ళి లైన్లో నిలబడితే ఏమవుతుందో, అన్నీ పేర్లతో సహా చెప్పింది. కంచికచర్లలో దిగుతుంటే ఆఫీసరు గారే ఆవిడ చెయ్యి పట్టి దింపారు.

నెలాఖరున ఇనప్పెట్టెలో డబ్బు తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చింది. వెనక తుపాకీతో ఒకే గార్డు. పిన్ని అతన్నీ వదల్లేదు.

"ఒక్కడివేనా నాయనా వెనక?"

"తుపాకీ ఉందమ్మా."

"తుపాకీ మాట్లాడుద్దా?"

రూలు ఒప్పుకోదు కాబట్టి ఎవరినీ ఎక్కించలేకపోయింది. ఆ ఒక్క జతా కుదరలేదని చాలా రోజులు బాధపడింది. తన ఉద్యోగం పోయినందుకు బాధపడినట్టు మాత్రం నాకు కనిపించలేదు. మర్నాటి నుంచి మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్ళింది.

నందిగామ బ్రాంచి పెద్దది. గాజు తలుపులు, టోకెను మిషను, ఏసీ. మొదటి మంగళవారం మా పాత బ్రాంచి ఊరి ఆటో వచ్చి ఆగింది. ఆరుగురు దిగారు, మూడు జతలుగా. టోకెను ఇద్దరికీ ఒకటే తీసుకున్నారు, కుర్చీలు పక్కపక్కన చూసుకుని కూర్చున్నారు. సెక్యూరిటీ అతను వచ్చి, పనున్నవాళ్ళు మాత్రమే లోపల ఉండాలన్నాడు. ఇద్దరికీ పనే అన్నారు. శుక్రవారం ఇంకో ఎనిమిది మంది, నాలుగు జతలు. మా స్టాఫు నవ్వుకున్నారు. మీ ఊళ్ళో మనుషుల్ని డజను లెక్కన కాకుండా జోడు లెక్కన అమ్ముతారా మేడం అని ఒకరు అడిగారు. నేనూ నవ్వాను. పిన్ని పొద్దున్నే మిరపకాయల కల్లానికి వెళ్ళేముందు ఆటో దగ్గర నిలబడి జతలు కలిపి మరీ పంపుతోందని వాళ్ళే చెప్పారు.

మూడో వారం నా నవ్వు ఆగింది. ఆ బ్రాంచిలో నా కుర్చీ ఎత్తు మీద ఉంటుంది, ఫారాలు నింపే బల్ల తిన్నగా కనిపిస్తుంది. ఒక జత వచ్చింది, ఒకళ్ళే రాస్తున్నారు. రెండో జతలోనూ ఒకళ్ళే. మూడో జతలోనూ అంతే. రాసేవాళ్ళు తమది రాసుకుని, పక్కవాళ్ళ ఫారం కూడా మాటల మధ్యలో, మాట తెగకుండా రాసేస్తున్నారు. ప్రతి జతలోనూ చదువొచ్చినవాళ్ళు ఒకరు, రానివాళ్ళు ఒకరు. నాలుగేళ్ళు నా ముందు నుంచే పోయారు ఈ మనుషులు. చిల్లరకి అడ్డమని విసుక్కున్నానే తప్ప నాకు ఇది కనపడలేదు.

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఊరికి వెళ్ళాను. పిన్ని ఇంటి ముందు మిరపకాయల రాశి పెట్టుకుని కూర్చుంది. నేను తుమ్ముతూనే అడిగాను, తెలిసే కలిపేదానివా అని.

ఆవిడ తొడాలు తీస్తూనే చెప్పింది. బ్యాంకులో చేరిన కొత్తలో ఒక ముసలాయన విత్‌డ్రా ఫారం పట్టుకుని మూడు రోజులు వరుసగా వచ్చి, బెంచీ మీద కూర్చుని, అలాగే వెళ్ళిపోయాడట. రాసిపెట్టమని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. నాలుగో రోజు పిన్ని ఆయన పక్కన ఒక కాలేజీ పిల్లని కూర్చోబెట్టింది. పది నిమిషాల్లో పనైపోయింది.

"మరి అవసరమైనవాళ్ళకే కలపచ్చు కదా పిన్నీ. ఆడిటరుకీ, మేనేజరుకీ, నాకూ ఎందుకు?"

"రానోళ్ళకే జత పెట్టాననుకోండి, జత ఉన్నోళ్ళంతా చదువు రానోళ్ళని ఊరికి తెలిసిపోదూ? అందరికీ పెడితే ఎవురికీ చిన్నతనం ఉండదు. నన్ను పిచ్చిదంటారు, అంతే కదండి. అనిపించుకునేది ఒక్కదాన్నే."

ఎవరికి రాదో నీకెలా తెలిసేదని అడిగాను. కళ్ళజోడు మర్చిపోయి వచ్చామంటారండి, ఆ మాటతోనే తెలిసిపోద్ది అంది. రాంబాబు, కృపారావుల్లో కళ్ళజోడు మర్చిపోయేది ఎవరో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరో మీకు మాత్రం చెప్పను. కేసు ఇంకా నడుస్తోంది.

నీకు జత ఎవరు పిన్నీ అని అడిగితే మొదటిసారి సిగ్గుపడింది.

"మీరే కదండీ, జాయిసమ్మా."

నిజమే. నాలుగేళ్ళలో ఎన్ని కరెంటు బిల్లులు, రేషను కాగితాలు, మనవడి స్కూలు నోటీసులు నాతో చదివించుకుందో. కళ్ళజోడు ఇంట్లో ఉందండి, కాస్త చూసిపెట్టండి అనేది. ఆవిడకి కళ్ళజోడే లేదు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. కళ్ళు మండుతున్నది మిరప ఘాటుకేనని ఒకరికొకరం చెప్పుకున్నాం.

ఆ తర్వాత పనులు వాటంతటవే జరిగాయి. కారులో ఆరోగ్యమ్మ చెప్పింది మనసులో పెట్టుకున్నారేమో, ఆ ఆఫీసరు గారు నందిగామ బ్రాంచికి ఫోన్ చేసి, మంగళ శుక్రవారాల్లో మా ఊరి గ్రూపులకి విడిగా ఒక కౌంటరు పెట్టించారు. మూసిన బ్రాంచిని తెరిపించడం ఆయన చేతిలో లేదు, ఆ మాట దాచకుండా చెప్పారు కూడా. ఆరోగ్యమ్మ గ్రూపులన్నిటినీ కూర్చోబెట్టి, ఆటోలో ఎవరు ఎప్పుడు వెళ్ళాలో చూసుకునే పని పిన్నికి అప్పజెప్పి, గ్రూపుకింత చొప్పున నెలకి జీతం కట్టింది. అది బ్యాంకు ఇచ్చినదానికన్నా రెండొందలు ఎక్కువ. పదిహేడేళ్ళు ఊడ్చినందుకు రాని జీతం పిచ్చికి వచ్చిందని పిన్ని ఊరంతా చెప్పుకుంది. ఖాదర్ వలి టీ కొట్టుని ఆటో ఆగే చోటికి మార్చుకున్నాడు. జిరాక్సతను మాత్రం జగ్గయ్యపేటలో పనికి కుదిరాడు. అన్నీ బాగుపడ్డాయని చెప్పలేను.

ఇక నందిగామలో నాకూ ఒక పేరొచ్చింది. మిగతా రోజుల్లో మా బ్రాంచికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒంటరిగా వచ్చేవాళ్ళు ఎందరో. వాళ్ళందరికీ జతలు కలపడానికి నేను పిన్నిని కాను. అందుకని నా కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి ఫారాన్నీ పైకి చదివి వినిపిస్తాను, ఖాళీలుంటే అడిగి నేనే నింపుతాను. ప్రతి ఒక్కరికీ. మా స్టాఫు నన్ను రేడియో మేడం అంటున్నారని తెలుసు.

మొన్న కాలేజీ లెక్చరరు ఒకాయన వచ్చారు. ఫారం నా చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం ఎర్రబడింది.

"మేడం, నేను ఎమ్మే ఇంగ్లీషు. నాకు చదవడం వచ్చు."

"తెలుసండి. అయినా రూలు, వినండి" అని తేదీ దగ్గర నుంచి సంతకం దాకా చదివాను. ఆయన పళ్ళు బిగించి విన్నారు. ఆయన వెనక, ఎప్పటి నుంచో ఖాళీ ఫారం మడతపెట్టి పట్టుకుని, వెనకవాళ్ళని ముందుకు పంపిస్తూ నిలబడిన ఒక ముసలమ్మ, ఆ మడత విప్పి ఒక అడుగు ముందుకు వేసింది.