మ పక్కన వెంట్రుక గీత

వీధివీధంతా ఆయన్ని కుంచె బాబాయి అనే పిలిచేది. దుకాణాలకు బోర్డులు రాయడంలో ఆయనకు ఆయనే సాటి. అక్షరం మీద తలకట్టు గాల్లోకి ఎగిరినట్టుండేది, తోక చివర రంగు పలచబడి కుంచె పోగులు కనబడేవి. అలాంటి మనిషి చేజేతులా ఒక పని చేసుకున్నాడు.

ఎనిమిదేళ్ల కిందట కంప్యూటర్ షాపాయన వచ్చి, "బాబాయ్, అక్షరాలన్నీ ఒక్కసారి రాసివ్వు. ఫాంటు చేద్దాం. ఊరంతా నీ చేతిరాతే ఉంటుంది," అన్నాడు. ఈయన ఉబ్బితబ్బిబ్బై ఒక్క పూటలో రాసిచ్చాడు. కొత్త కుంచెను తడిపి, ఊడే వెంట్రుకలు పీకితే గానీ రంగు ముట్టని మనిషి, ఆ పూట పొగడ్తల్లో పడి ఆ సంగతే మరిచాడు. మ రాస్తుండగా ఒక వెంట్రుక పక్కకి చీలి, తోక పక్కన సన్నటి గీత పడింది.

"ఉండు, మళ్లీ రాస్తా."

"అబ్బే, చేత్తో రాసినట్టు అదే అందం బాబాయ్!"

సరేనన్నాడు. బుద్ధి గడ్డి తిన్నదంటే ఇదే మరి!

ఇంకేముంది! మిఠాయి కొట్టు, మందుల షాపు, శుభలేఖ, పోయినవాళ్ల ఫొటో కింద ఫ్లెక్సీ... పెళ్లికీ చావుకీ ఆ తుళ్లిపడే అక్షరాలే. మ ఉన్న ప్రతిచోటా ఆ వెంట్రుక. బోర్డు రాయించేవాడు లేక, చివరికి ఆ షాపులోనే ఫ్లెక్సీల అంచులు మడిచి అతికించే పనిలో చేరాడు. రోజంతా కళ్లముందు తన అక్షరాలే, ఒక్కటీ దిద్దడానికి లేదు. తల తిప్పుకుంటే గోడ మీదా అవే. 'ఛీ, నా చెయ్యే నన్ను కట్టిపడేసింది' అని కుమిలిపోయేవాడు.

ఇంతలో కూతురు కుట్టుపని షాపు పెట్టింది. పోయిన తల్లి గుర్తుగా 'అమ్మ టైలర్స్' అని పేరు.

"ఫ్లెక్సీ వద్దు నాన్నా. నువ్వే రాయాలి."

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఒక్క మ అయినా, పోయిన ఇల్లాలి కోసం, ఆ గీత లేకుండా రాయాలి. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

కొత్త కుంచె కొని గంటసేపు వెంట్రుకలు పీకాడు. నిచ్చెనెక్కి, ఊపిరి బిగబట్టి రాశాడు. మ నున్నగా, నిండుగా వచ్చింది. కళ్లు చెమర్చాయి.

కూతురు రోడ్డు అవతలికెళ్లి చూసింది. మొహం చిన్నబోయింది.

"బాగానే ఉంది గానీ, మ పక్కన ఆ గీతేది నాన్నా?"

"అది తప్పు తల్లీ. కుంచె వెంట్రుక."

"తప్పేంటి! అది చూపించే కదా, మా నాన్న రాసిందని అందరికీ చెప్పుకునేది! ఇది ఇంకెవరో రాసినట్టుంది. అదీ పెట్టవూ?"

ఆయన మళ్లీ నిచ్చెనెక్కాడు. సంచిలో ఉన్నవాటిలోకెల్లా సన్నటి కుంచె తీశాడు. ఎదుటి మందుల షాపు బోర్డు వంక చూసి చూసి, మ పక్కన ఆ గీతను అచ్చం అలాగే దించాడు.

"హమ్మయ్య, ఇప్పుడు నీ చేతిరాతలా ఉంది!" అని కూతురు కింద నుంచి చప్పట్లు కొట్టింది.