రెండు మిరప కుప్పల మధ్య వెంకటనారాయణ

దర్శి దగ్గర పల్లెలో వెంకటనారాయణతో వాదన పెట్టుకునేవాళ్లు వేరే పనేమీ లేనివాళ్లే. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగో కాలు చూపిస్తే అది కుందేలే కాదంటాడు. ఇంతటి మనిషినీ జీవితంలో ఒక్కటి ఓడించింది. అది ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సు.

ముప్పై ఏళ్ల కిందటి మాట అది. పరీక్ష తప్పి ఇంటికొచ్చి, "నా బుర్రకి ఎక్కదు నాన్నా, వదిలేస్తున్నా" అన్నాడు. వాళ్ల నాన్న గొడ్లకి కుడితి పెడుతూ, తల కూడా ఎత్తకుండా "సరే, రేపట్నుంచి అరక కట్టు" అన్నాడు. అంతే, చదువు అయిపోయింది. ఆ తరవాత మిరప చేలు, పత్తి చేలు, ఒంగోలు ఎడ్ల జత, బండలాగుడు పోటీల్లో రెండు మూడు బహుమతులు. ఏ లోటూ లేదు. కానీ ఆ "సరే" మాత్రం ఆయన గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఆ రోజు నాన్న ఒక్కసారి కసిరి ఉంటే, కుదరదు పో అని ఉంటే, మళ్లీ రాసేవాణ్నేమో అని ఎన్నోసార్లు అనుకున్నాడు. పైకి మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఆయన ఫిజిక్సుని మర్చిపోయినా ఊరు మర్చిపోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరిపోతే చాలు, టీకొట్టు దగ్గర వీరాంజనేయులు అందుకునేవాడు. "ఒరేయ్, లైన్‌మన్ ఎందుకురా, మన నారాయణ ఉండగా! కరెంటు సగం చదివి ఆపేశాడు. సగం ఊరికైనా లైట్లు వెలుగుతాయి."

అలాంటి ఇంట్లో కూతురు శ్రీరమ్య కూడా అదే ఫిజిక్సు తప్పింది. గుంటూరులో హాస్టల్లో ఉండి చదివిన పిల్ల. ఆవేశాలు, విద్యుత్ క్షేత్రం, పొటెన్షియల్ అనే పాఠాల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసింది. పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి తెచ్చి, అటక మీద పడేసి, తండ్రి ముందు నిలబడింది.

"నా బుర్రకి ఎక్కదు నాన్నా. వదిలేస్తున్నా."

వెంకటనారాయణకి ముప్పై ఏళ్ల కిందటి రోజు గుర్తొచ్చింది. అదే మాట, అదే గొంతు. నోటిదాకా వచ్చిన "సరే"ని మింగేశాడు. కానీ బుజ్జగించడం ఆయనకి చేతకాదు, తిట్టడానికి మనసు రాలేదు. ఏం చెయ్యాలో తోచక ఎన్నడూ అనుకోని మాట అనేశాడు.

"నేనూ రాస్తానమ్మా. ఓపెన్ ఇంటర్ కడతా. పాఠం నువ్వే చెప్పాలి. నువ్వు వదిలేస్తే నేనూ వదిలేసినట్టే."

భార్య పున్నమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "తండ్రీకూతుళ్లు ఇద్దరూ కాలేజీకి పోతే ఆ గొడ్లకి మేత ఎవరెయ్యాలి, ఆ ఫిజిక్సోడా?"

శ్రీరమ్య నవ్వలేదు. తండ్రి రెండు రోజుల్లో విసిగిపోతాడు, గొడవ వదిలిపోతుందని ఒప్పుకుంది. ఆయన కావాలనే ఏమీ రానట్టు నటించి కూతురిచేత చదివించాడని ఊళ్లో తరవాత చెప్పుకున్నారు. అదంతా ఆయన మీద గౌరవంతో కల్పించిన మాట. ఆయనకి నిజంగానే రాదు.

మొదటి లెక్కలోనే బండ కదల్లేదు. రెండు సమానమైన ధనావేశాలు, వాటికి సరిగ్గా నడిమధ్య ఒక బిందువు. అక్కడ విద్యుత్ క్షేత్రం ఎంత, పొటెన్షియల్ ఎంత?

"ఇదేమంత లెక్క!" అన్నాడు వెంకటనారాయణ. "బండకి ఇటొక జత, అటొక జత ఎడ్లని కట్టి అదిలించావనుకో. సమానమైన జతలు. బండ కదలదు. క్షేత్రం సున్నా."

శ్రీరమ్య ఆశ్చర్యపోయింది. "కరెక్టే నాన్నా! ఈ ఆవేశాలు తోసేవే గానీ లాగేవి కావు, అయినా లెక్క అదే. మరి పొటెన్షియల్?"

"కదలని బండకి పొటెన్షియల్ ఎక్కడిదే? అదీ సున్నానే."

"తప్పు."

"ఎట్టా తప్పవుద్ది? ఎడ్లు ఎవరివి, నావా, మీ మాస్టారివా?"

క్షేత్రానికి దిశ ఉంటుంది కాబట్టి ఎదురెదురైతే కొట్టుకుపోతుందని, పొటెన్షియల్‌కి దిశ ఉండదు కాబట్టి రెండు వైపుల నుంచి వచ్చేదీ కలిసిపోతుందని ఆ పిల్ల చెప్పింది. సూత్రం రాసి చూపించింది. ఆయన ప్రతిసారీ ఎడ్లని తోలుకొచ్చి అడ్డం కట్టేసేవాడు. చెప్పీ చెప్పీ ఆ పిల్లకే అనుమానం వచ్చింది. దిశ లేదని తను బట్టీపట్టిందే గానీ, దిశ లేకపోవడమంటే ఏమిటో తనకీ తెలియదు. గుంటూరులో ఆ మాట ఎవరినీ అడగలేదు. అడిగేవాళ్లని చూసి క్లాసు నవ్వేది.

మాఘమాసం వెళ్లేసరికి మిరపకాయలు కల్లానికొచ్చాయి. ఒకరోజు పొద్దున కూలీలు రెండు పెద్ద కుప్పలు విప్పి పరుస్తున్నారు. వెంకటనారాయణ ఆ రెంటికీ మధ్య నిలబడి పురమాయిస్తున్నాడు. పురమాయింపు తక్కువ, తుమ్ములు ఎక్కువ. తువ్వాలు మూతికి చుట్టుకున్నా కళ్లవెంట ధారలు. శ్రీరమ్య మజ్జిగ తెచ్చి గట్టు మీద ఆగిపోయింది. తండ్రి అటొక అడుగు వేసి వెనక్కొచ్చాడు, ఇటొక అడుగు వేసి వెనక్కొచ్చాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ పిల్ల చేతిలో మజ్జిగ చెంబు అలాగే ఉండిపోయింది.

"నాన్నా, కదలకు! అక్కడే ఉండు!"

"పామా?" అని బిగుసుకుపోయాడు.

"పాము కాదు, పొటెన్షియల్! ఆ కుప్ప ఎటు తరుముతోంది నిన్ను?"

"ఇటు."

"ఈ కుప్ప?"

"అటు."

"మరి నువ్వు ఎటు పోతున్నావు?"

"ఎటు పోను? రెండూ సమానంగా తగులుకున్నాయి. ఎటూ పోలేక చస్తున్నా!"

"అంటే తోపుడు సున్నా. మరి ఘాటు? ఘాటు కూడా సున్నానా?"

"సున్నా ఎట్టా అవుద్దే, రెండు కుప్పలదీ కలిసి చంపేస్తంటే!" అని అరిచి, తన మాట తనే విని, నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తెరిచిన నోట్లోకి ఘాటు పోయి పొలమారింది. శ్రీరమ్య పకపకా నవ్వింది. పరీక్ష తప్పాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. వెంకటనారాయణ దగ్గుతూనే ఆ నవ్వు విన్నాడు. కళ్లలో నీళ్లకి ఆ పూట లెక్క చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తరవాత శ్రీరమ్యని ఆపేవాళ్లు లేరు. ఒక ధనావేశం, ఒక రుణావేశం అయితే ఎలా అని తనే ప్రశ్న వేసింది. ఈసారి వెంకటనారాయణ అందుకున్నాడు. మొండి దూడని తను వెనకనుంచి తోస్తుంటే పున్నమ్మ ముందు పగ్గం పట్టి లాగుతుంది, రెండు బలాలూ ఒకే వైపు, కలిసిపోతాయి. పొటెన్షియల్ అంటావా, ధనం మిట్ట, రుణం గుంట, మిట్ట ఎత్తెంతో గుంట లోతంతే, నడిమధ్య చేను మట్టం, సున్నా. వాలు మాత్రం అక్కడా ఉంటుంది. ఆ పిల్ల తండ్రిని కావలించుకుంది. మిగిలిన లెక్కలన్నీ ఎవరి సాయమూ లేకుండా చేసుకుంది.

పరీక్షలు అయ్యాయి. ఫలితాలు వచ్చాయి. శ్రీరమ్య పాసయింది, అదీ మంచి మార్కులతో. వెంకటనారాయణ మిగతావన్నీ ఎలాగో గట్టెక్కి, ఫిజిక్సు తప్పాడు.

ఎందుకు తప్పాడో వినడానికి టీకొట్టంతా పోగైంది. పేపర్లో ఆ ధన, రుణావేశాల లెక్కే వచ్చిందట. సంబరం పట్టలేక మిట్ట గీశాడు, గుంట గీశాడు, దూడని గీశాడు, పగ్గం పట్టుకున్న పున్నమ్మని కూడా గీశాడు. ఆమె చీరకి అంచు దిద్దుతుండగా గంట కొట్టారు.

"మిగతా ప్రశ్నలు?" అన్నాడు వీరాంజనేయులు.

"చదవలేదురా."

ఇంట్లో పున్నమ్మ మాత్రం నవ్వలేదు. "అంచు ఏ రంగు వేశావు?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వెంకటనారాయణ పుస్తకాలన్నీ సర్ది గోనెసంచిలో పెట్టాడు. శ్రీరమ్య చూస్తుండగానే మూతి కట్టాడు.

"నువ్వు పాసయ్యావు, అది చాలమ్మా. నా బుర్రకి ఇంతకంటే ఎక్కదు. వదిలేస్తున్నా."

అనేసి, కూతురు ఏమంటుందోనని తల ఎత్తకుండా ముడి బిగిస్తూ కూర్చున్నాడు. బిగిసిన ముడినే మళ్లీ మళ్లీ బిగించాడు.

శ్రీరమ్య వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. ఆయన చేతుల్లోంచి సంచి లాక్కుని ముడి విప్పింది.

"కుదరదు," అంది.

వెంకటనారాయణ ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్న మనిషిలా, గబగబా కళ్లజోడు వెతుక్కున్నాడు.