ట్రంకు పెట్టెలో నడిచిన కంప్యూటరు

మొన్న సోమవారం సంగారెడ్డి కోర్టు వరండాలో నా కేసు ఎప్పుడు పిలుస్తారా అని నిలబడి ఉన్నాను. కోహీర్ నుంచి వచ్చిన క్లయింటు తన సంగతి చెప్తూ చెప్తూ ఆగి, "మేడం, మీకు ఎరికైందో లేదో, రేడియో ఉస్తాద్ పోయిండు. ఇయ్యాల పొద్దుగాల చాయ్ తాక్కుంట తాక్కుంటనే ఒరిగిండట" అన్నాడు. అంతలో లోపల నా కేసు పిలిచారు. వెళ్ళాను, ఏదో చెప్పాను, జడ్జిగారు వాయిదా వేశారు. ఏ తేదీకి వేశారో బయటికొచ్చాక గుమస్తాను అడిగి రాసుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నాకలా ఎప్పుడూ జరగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు, క్లయింటు కూడా కాదు. ఒకప్పుడు ఆయనకు వ్యతిరేకంగా పనికొచ్చే రిపోర్టు రాసి, సంతకం పెట్టి, కోర్టులో దాఖలు చేసిన మనిషిని నేను. అయినా మట్టి ఇవ్వడానికి వెళ్తే ఆయన కొడుకు నన్ను గుర్తుపట్టి, "మా నాయిన మీ ముచ్చట చెప్పేటోడమ్మా" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో ఉండేది ఆయన దుకాణం. బొంబాయి రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా షెల్ఫుల మీది రేడియోలన్నీ సన్నగా వణికేవి. డెబ్బైలలో మా ఇంటి వాల్వు రేడియో ఏడాదికి రెండుసార్లయినా ఆ బల్ల మీదికి చేరేది. మా నాన్నకు ఓపిక తక్కువ. "ఎప్పుడిస్తవ్, ఎప్పుడిస్తవ్" అని నెత్తిమీద నిలబడేవాడు. ఉస్తాద్ రేడియో పెట్టి, కళ్ళు మూసుకుని, ఆ గరగర శబ్దాన్నే చాలాసేపు వినేవాడు. "ముందుగాల ఇనాలె సార్. అది ఏం చెప్తున్నదో ఇనకుండ ఇప్పితె మనమే ఇంకొకటి ఖరాబ్ చేస్తం" అనేవాడు. విప్పిన మరలను చాయ్ సాసరులో గడియారం అంకెల వరుసలో పెట్టేవాడు, మొదట విప్పింది పన్నెండు దగ్గర. దుమ్మును నోటితో ఊదేవాడు కాదు, గడ్డం గీసుకునే బ్రష్షుతో దులిపేవాడు.

అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఊళ్ళో చాలామంది ఎగ్గొట్టేవాళ్ళు. ఉస్తాద్ మాత్రం పుస్తకం చూడనిదే స్క్రూడ్రైవరు పట్టుకునేవాడు కాదు. మా నాన్నను రెండుసార్లు వెనక్కి పంపాడు. "రిపేరు చేసేటోడివా, పోలీసోడివా" అని మా నాన్న తిట్టుకుంటూ పోస్టాఫీసుకు వెళ్ళేవాడు. అంత చట్టానికి కట్టుబడ్డ మనిషి ఎనభైల చివర్లో ప్రతివాదిగా కోర్టు మెట్లెక్కాడంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

కేసు చెరకు వంతుల దగ్గర మొదలైంది. ఎవరి చెరకు ఎప్పుడు కొట్టి చక్కెర ఫ్యాక్టరీకి తేవాలో రైతుల సంఘం పర్మిట్ ఇస్తుంది. ముందు నాటినవాడిది ముందు కొట్టాలన్నది నియమం. జరిగేది వేరు. పెద్ద రైతుల ట్రాక్టర్లు ముందు పోయేవి. మొగుడంపల్లి వైపు ఎకరం, రెండెకరాల రైతు చెరకు వంతు కోసం చూసి చూసి, పూతకొచ్చి, రసం పోయి, పొలంలోనే ఎండేది. రైతుల సంఘం వాళ్ళు ఏం ఆలోచించారో ఏమో, పట్నంలోని ఒక కంపెనీ దగ్గర కంప్యూటరు కొన్నారు. నాటిన తేదీలన్నీ అందులో ఎక్కిస్తే వరుస అదే తేల్చి కాగితం మీద కొట్టి ఇస్తుంది. ఆ కాగితం గోడకు అంటించారు. ఆ ఏడు చిన్న రైతుల బండ్లు మొదటిసారి వేళకు గేటు దాటాయి.

మరుసటి ఏడు కోతలకు ముందు కరెంటు ఒక్కసారి ఎక్కువై ఆ యంత్రం లోపల మాడిపోయింది. కంపెనీవాళ్ళు వచ్చి చూసి, ఆ రకం సామాను ఇప్పుడు రావడం లేదు, కొత్త మిషన్ కొనుక్కోండి అన్నారు. సంఘంలో పెద్దలకు ఆ తొందరేమీ లేదు, కంప్యూటరు పోతే పాత పద్ధతి తిరిగొస్తుందని లోలోపల సంబరం కూడా. దిక్కు తోచక చిన్న రైతులు నలుగురు రేడియో ఉస్తాద్ దగ్గరికి పోయారు.

అప్పటికి ఆయనకు యాభై దాటాయి. కంప్యూటరును ఒక్కసారి, అదీ సంఘం ఆఫీసు కిటికీలోంచి చూశాడు. ఇంగ్లీషులో అక్షరాలు గుర్తుపడతాడు, అంతే. హైస్కూలు హెడ్‌మాస్టరుగారి ఇంటికి రోజూ సాయంత్రం వెళ్ళి, యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని ఆయనతో తెలుగులో చెప్పించుకున్నాడు. లారీ ఎక్కి మూడుసార్లు బొంబాయి పోయి పాత సామాన్ల బజారులో ఒక్కొక్క భాగం వెతికి తెచ్చాడు. నెల తిరిగేసరికి కొత్త యంత్రం కట్టాడు. కంపెనీ పేరున్న పాత డబ్బాలో పెట్టనని, తన ఇంట్లోని ఆకుపచ్చ ట్రంకు పెట్టెకు పక్కన చిల్లులు కొట్టి అందులో బిగించాడు. కంప్యూటరును మేలుకొలిపి నడిపించే మూల ప్రోగ్రాము, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారే, అది పాత యంత్రంతో పాటు ఒక ఫ్లాపీలో వచ్చింది. ఉస్తాద్ ఆ ఫ్లాపీని తన ట్రంకు పెట్టెలో పెట్టాడు. తెర మీద అక్షరాలు లేచాయి.

కంపెనీకి తెలిసి సంఘం మీదా, ఉస్తాద్ మీదా దావా వేసింది. తమ సిస్టమ్ తమ యంత్రం మీదే నడవాలని అమ్మినప్పుడు రాయించుకున్నామని, మరో యంత్రం మీద నడపకుండా వెంటనే ఆపాలని కోరింది. ఆ దావాలో కోర్టు నన్ను అడ్వకేట్ కమిషనర్‌గా వేసింది. ఇరుపక్షాలకూ సంబంధం లేని వకీలు వెళ్ళి, కళ్ళారా చూసింది రాసి తేవాలి. నేను ప్రాక్టీసు పెట్టి రెండేళ్ళు కూడా కాలేదు. కోర్టు అడిగింది ఒకటే: కంపెనీ సిస్టమ్ కంపెనీది కాని యంత్రం మీద నడుస్తోందా? అవునంటే యంత్రం ఆగిపోవచ్చు, కోతల నడుమ జాబితా ఆగిపోతుంది. గోడ మీద ఇంకా వంతు రాని పేర్లు సగం పైనే ఉన్నాయి.

సంఘం ఆఫీసులో నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. టై కట్టుకున్న కంపెనీ అధికారి ఒక పక్క, సంఘం సెక్రెటరీ ఒక పక్క. కిటికీ నిండా రైతుల ముఖాలు. బల్ల మీద గులాబీ పూలు వేసిన ట్రంకు పెట్టె, దాని పక్కన వెలుగుతున్న తెర. బీరువా మీద కంపెనీవాళ్ళ ఖాళీ డబ్బా, పేరు రాసిన బిళ్ళతో సహా. నేను అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఈ మిషన్ ఎవరిది?"

సెక్రెటరీ తడుముకోలేదు. "కంపెనీదే మేడం. డబ్బాకు జంగు పట్టిందని జర పక్కకు పెట్టినం. లోపటి సామాను మొత్తం ఆల్లదే."

కంపెనీ అధికారి తెర వైపు, ట్రంకు పెట్టె వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన అమ్మకాల మనిషి, యంత్రం లోపల ఏముంటుందో ఆయనకూ తెలియదు. అబద్ధం ఇట్టే నిలబడిపోయేది. నాకు లోపల హమ్మయ్య అనిపించింది కూడా, ఎందుకు దాచాలి.

"కాదు బిడ్డా," అన్నాడు ఉస్తాద్ మూలనుంచి. "నేను చేసిన. రాస్కో."

కిటికీలోంచి ఒక ముసలి రైతు బతిమాలినట్టు అన్నాడు. "జర ఊకో ఉస్తాదూ. మా చెరుకు ఎండిపోతది."

ఉస్తాద్ ఆయన వైపు తిరిగాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఎండొద్దనే చేసిన తాతా. నెల దినాలు కండ్లు మండేదాక చేసిన పని. దీని మీద ఇంకొకల్ల పేరు ఎట్ల పెట్టుకుంట? దొంగతనం చేసినోడు దాస్తడు. నేనెందుకు దాయాలె?"

సెక్రెటరీ తల పట్టుకున్నాడు. ముందురోజే ఆ ఖాళీ డబ్బాలోకి సామానంతా మార్చమని ఎంత చెప్పినా ఈయన వినలేదని తర్వాత తెలిసింది.

నా ధర్మం నేను చేసి ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను. కంపెనీ అధికారి చాయ్ తాగడానికి బయటికి వెళ్ళగానే, "ఉస్తాద్, యంత్రం ఎవరు చేసిందీ నిర్ధారించలేకపోయానని రాస్తాను. మీరింకేం మాట్లాడకండి" అన్నాను మెల్లగా.

ఆయన నన్ను చూసిన చూపు ఈ రోజుకీ మరచిపోలేదు. కోపం లేదు, జాలిపడ్డట్టు చూశాడు. "నీకు కండ్లున్నయి గద బిడ్డా. చూసింది రాయి. అవుతల జడ్జి సాబ్ ఏమనాల్నో అంటడు. గది ఆయన పని." యంత్రం వైపు వేలు చూపి, "ఒక్కటి గుడ రాయి. ఫ్లాపీ ఒక్కటే. రెండోది చేయలే. అనుమానముంటె నా దుకాణం, ఇల్లు మొత్తం ఎతుక్కో" అన్నాడు.

వెతికాను. చాయ్ సాసర్లు, వాల్వులు, వైర్ల చుట్టలు, అంతే. ఆ ఫ్లాపీ పాడైతే పనంతా ఆగిపోతుంది కదా, ఇంకొకటి తీసి పెట్టుకోవాలని అనిపించలేదా అని అడిగాను. "నకలు తీయొద్దని కాగితంల రాసుందని హెడ్‌మాస్టర్ సాబ్ చదివి చెప్పిండు" అన్నాడు. మరి ఆ కాగితంలోనే వాళ్ళ యంత్రం మీదే నడపాలనీ ఉంది కదా అన్నాను. నవ్వాడు. "ఉంది. ఆల్ల మిషన్ సచ్చిపోతె ఏం చేయాల్నో మాత్రం రాయలే."

అంతకు కొన్నేళ్ళ ముందే కాపీరైటు చట్టంలో కంప్యూటరు ప్రోగ్రామునూ సాహిత్య రచనల కింద చేర్చారు. ఆ సంగతి నేను నాకున్న కొత్త వకీలు దర్జాతో ఆయనకు వివరించాను. "అంటె ఇది కితాబు లెక్కనా? పైసలిచ్చి కొన్న కితాబును ఎవరి లాంతరు ముంగట కూసొని చదివితె ఏంది బిడ్డా?" అన్నాడు ఉస్తాద్. నాకు ఆయనంటే భయం లాంటి గౌరవం కలిగింది. మనిషి ఇంత సూటిగా ఉండగలడా అనిపించింది.

రిపోర్టులో చూసింది చూసినట్టే రాశాను. సెక్రెటరీ కంపెనీదే అన్నా, యంత్రం కంపెనీది కాదని, తనే చేశానని ప్రతివాది స్వయంగా చెప్పాడని, ఫ్లాపీ ఒక్కటేనని. సంఘం తరఫు వకీలు లాంతరు మాట వాదనలో వాడుకున్నాడు. జడ్జిగారు నవ్వు ఆపుకుని, సంతకం పెట్టిన షరతు షరతే కదా అన్నారు. తర్వాత నా రిపోర్టు తిరగేసి, తప్పించుకునే వీలుండీ నిజం చెప్పిన మనిషి నకలు లేదంటే నమ్ముతానన్నారు. ఆ సీజను చివరి పర్మిట్ దాకా యంత్రాన్ని నడపనిచ్చారు. అది అయిన రోజే ఫ్లాపీని కోర్టుకు అప్పగించాలి, కేసు తేలేదాకా మళ్ళీ నడపకూడదు.

చివరి రోజు ఫ్లాపీ తీసుకోవడానికి నన్నే పంపారు. జాబితాలో చివరి పేరు కిటికీలోంచి బతిమాలిన ముసలాయనది. ఆయన బండి గేటు దాటిందని కబురొచ్చేదాకా ఉస్తాద్ కుర్చీలోంచి లేవలేదు. కబురు రాగానే స్విచ్ తనే కట్టేశాడు. ఫ్లాపీని కవరులో పెట్టి నాకిచ్చాడు. నేను లక్క కరిగించి సీలు వేస్తుంటే వంగి శ్రద్ధగా చూసి, "మంచిగ ఏసినవ్" అన్నాడు. అంత పనీ చేసిన మనిషి నుంచి ఆ మెచ్చుకోలు అందుకోవడానికి నాకు సిగ్గనిపించింది.

తర్వాత కేసు ఏళ్ళ తరబడి సాగి, ఒక వాయిదాకు కంపెనీవాళ్ళెవరూ రాకపోవడంతో కొట్టేశారు. అప్పటికి ఆ ఫ్లాపీకి బూజు పట్టి ఉంటుంది. ట్రంకు పెట్టెలోని సామాను విప్పేసి, అందులో ఆయన భార్య మళ్ళీ చీరలు పెట్టుకుంది. కేసు సంగతి ఎవరైనా ఎత్తితే, "కోర్టు ఆపుమన్నది, ఆపిన" అనేవాడు.

ఫ్లాపీ అప్పగించిన మరుసటి ఏడు కోతలు మొదలైన వారంలో నేను పనిగట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళాను. కంప్యూటరు లేదు కనక పాత రోజులు తిరిగొచ్చి ఉంటాయని, అందులో నా సంతకం పాలూ ఉందని మనసులో ముల్లులా ఉండేది. గేటు ఎదురుగా ఉన్న సంఘం ఆఫీసు వరండాలో ఉస్తాద్ చాప మీద కూర్చుని ఉన్నాడు. ముందు తెల్ల కాగితాలు, చేతిలో పెన్ను. రైతులు ఒక్కొక్కరే వచ్చి, నాటిన తేదీ అందరికీ వినబడేలా గట్టిగా చెప్తున్నారు. పక్క పొలంవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు, ఒక్కరోజు తేడా చెప్పినా ఊరుకోరు. ఆయన ఎవరిది ముందో ఎవరిది వెనకో వేళ్ళ మీద చూసుకుని రాస్తున్నాడు. నిన్నటి జాబితా గోడ మీద ఉంది.

అంతలో రోడ్డు మీంచి పెద్ద రైతు ట్రాక్టరు నిండు ట్రాలీతో వచ్చి గేటు ముందు హారన్ కొట్టింది. గేటు వాచ్‌మన్ లేచి గోడ దగ్గరికి నడిచి, కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు. తిరిగొచ్చి గేటు తీయకుండా స్టూలు మీద కూర్చున్నాడు. బండ్ల వాళ్ళు చూస్తూ నిలబడ్డారు. డ్రైవరు కాసేపు చూసి, ఇంకోసారి హారన్ కొట్టి, చివరికి వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. చెరకు నిండిన ట్రాలీ అటూ ఇటూ ఊగుతూ, ఎద్దుబండ్ల మధ్య దారి చేసుకుంటూ, ఒక్కొక్క అడుగే వెనక్కి పోయింది. ఉస్తాద్ తల ఎత్తలేదు. "ఆఁ, నువ్వెన్నడు నాటినవ్ అవ్వా?" అని వరసలో తర్వాత ఉన్న మనిషిని అడిగాడు.