ఫారో మేడకు పై అంతస్తు ఎందుకు లేదు

నగర్తపేటలో ఎవరు మిక్సీ కొనాలన్నా, ఎవరికి సంబంధం చూడాలన్నా ముందు అలివేలమ్మ తల ఊపాలి. ఊపమని ఎవరూ అడగరు. ఆవిడే వెళ్లి ఊపి వస్తుంది. చదివింది ఐదో తరగతి. అడిగే ప్రశ్నలకు మాత్రం ఏ కాలేజీలోనూ జవాబు దొరకదు.

అలాంటి మనిషి ఇంట్లో పైభాగానికి బాడిగకు వచ్చిన హెప్సిబా, పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తుందని తెలిశాక అలివేలమ్మ కింద కూర్చుంటుందా? ఆ పూటే మెట్లెక్కింది.

హెప్సిబాది గుంటూరు వైపు. పెళ్లికి ముందు పంతులమ్మ. కొడుకు ఆశీష్‌కు ఏడేళ్లు, కూతురు జెమీమాకు ఐదు. లెక్కలకూ తెలుగుకూ పుస్తకాలు కుదిరాయి గానీ ప్రపంచ చరిత్ర దగ్గర ఆమెకు ఎటూ తేలడం లేదు. బల్ల మీద మూడు రకాల నమూనా పాఠాలున్నాయి. ఒకదాన్నిండా రాజుల పేర్లూ సంవత్సరాలూ. ఇంకోదాంట్లో అన్నీ చేతిపనులే, అట్టతో పిరమిడ్, మట్టితో కోట. మూడోది కథలు. పిల్లలు విని, విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాలి.

"ఆ చేతిపనులదే బాగుందనిపిస్తోంది ఆంటీ" అంది హెప్సిబా.

అలివేలమ్మ ఆ పాఠాన్ని బల్ల చివరికి నెట్టింది. చేతిపనులైతే తలుపేసుకుని చేసుకుంటారు. కథలైతే ఏదో పని కల్పించుకుని పక్కన కూర్చోవచ్చు. ప్రపంచంలో ఎవరు ఎవరిని ఓడించారో ఈ వయసులో ఆమెకు ఇంకెవరు చెబుతారు? టీవీ చెబుతుంది గానీ, ఎదురు ప్రశ్న వేస్తే పలకదు. ఆ మాట పైకి అనడానికి పరువు అడ్డొచ్చింది. ఇంటి ఓనరమ్మ పిల్లకాయల పాఠం వింటానంటే పేటంతా నవ్వదూ?

"అట్టలకు బంకా? అయ్యో, నా ఎర్రగచ్చు నేల ఏం గావాలమ్మా! ఈ తారీకుల పుస్తకం చూస్తేనే తల వేడెక్కతా ఉండాది. కథలదే తీసుకో. పిల్లకాయల మంచికే చెప్తా ఉండా" అంది.

ఆ శనివారం హెప్సిబా పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. పిల్లల్ని కింద వదిలి, కథల పాఠం ఒకటి అలివేలమ్మ ఫోన్‌కు పంపింది. "ఇది వినిపించండి ఆంటీ. రాగానే వీళ్ల చేత చెప్పించుకుంటా. బాగా చెబితే ఇదే ఖాయం."

అది అవరేకాయల కాలం, అవే అనపకాయలు. నానబెట్టిన గింజల పొట్టు పితకడానికి పిల్లలూ కూర్చున్నారు. ఫోన్ ఇంగ్లీషులో ఫారో అనే రాజు అంది, నది అంది, పెద్ద పెద్ద రాళ్లంది. అంతటితో ఆగిపోయింది. నమూనా కదా, మిగతాది కొంటేనే వస్తుందట.

"తర్వాతేమైంది అవ్వా?" అన్నాడు ఆశీష్.

తెలీదు అనే మాట అలివేలమ్మ నోట ఎన్నడూ రాలేదు. ఆ రోజూ రాలేదు.

సాయంత్రం కింద అలివేలమ్మ ఎదుటే, వాచిన దవడతో హెప్సిబా, పక్కన ఆమె భర్త శామ్యూల్ కూర్చుని ఉండగా ఆశీష్ చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పాడు.

"ఫారోకి ఇద్దరు పెళ్లాలు. ఏటి పక్కన సైటు నాదంటే నాదని కొట్లాడినారు. ఫారోకి విసుగొచ్చి అక్కడ రాతి మేడ కట్టేసినాడు. పైన మొన తేల్చేసినాడు. ఎందుకంటే, పైన అంతస్తు వేస్తే బాడిగకి జనం వస్తారు, నీళ్లన్నీ వాడేస్తారు."

"మోటరు కూడా ఆపరు!" అంది జెమీమా.

శామ్యూల్ గోడ పట్టుకుని నవ్వాడు. హెప్సిబా నవ్వలేదు. మోటరు ఆపలేదని అలివేలమ్మ రోజూ తమను అనే మాటలే అవి.

"మా పిల్లలకి కావలసింది చరిత్ర ఆంటీ, మన మోటరు గొడవ కాదు. చేతిపనులదే తీసుకుంటా. పాఠాలు పైనే చెప్పుకుంటాం."

మర్నాడు అలివేలమ్మ ఆ గింజలతో కాచిన పితికిపప్పు సారు గిన్నెతో మెట్లెక్కింది. మెట్టు మెట్టుకూ ఒక సాకు సిద్ధం చేసుకుంది. తప్పు ఫోన్‌ది, తప్పు ఫారోది. తలుపు తెరుచుకోగానే ఒక్కటీ గుర్తు రాలేదు.

"పిల్లకాయల కోసం కాదు తల్లీ. నాకే వినాలని ఉండాది. నువ్వు తలుపేసుకుంటే నాకెవరు చెప్తారు?"

హెప్సిబా గిన్నె అందుకుని లోపలికి దారి ఇచ్చింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! పొద్దున లేవగానే వీడు మీ కథంతా మళ్లీ అప్పజెప్పాడు. ఒక్క మాట పోలేదు. పోయిన వారం అట్టతో చేసింది ఏంటని అడిగితే మాత్రం ఇద్దరూ నోరెళ్లబెట్టారు. సరే, కథలే తీసుకుంటా. తెలుగులో నేనే చెప్తా. మీరొచ్చి కూర్చోండి, పంతులమ్మగా కాదు, విద్యార్థిగా. వంతు వస్తే మీరూ తిరిగి చెప్పాలి. సొంత కవిత్వం కలిపితే గోడకుర్చీ."

సోమవారం అలివేలమ్మ ఉతికిన చీర కట్టుకుని జెమీమా పక్కన చాప మీద కూర్చుంది. పిరమిడ్ అంటే రాజు సమాధి అని విని నోటి మీద చెయ్యి వేసుకుంది. మొదటి వంతు ఆమెదే.

"ఫారో రాతి మేడ కట్టించినాడు. పైన బాడిగకి..."

"అవ్వా!" ఆశీష్ వేలు చూపించాడు. "బాడిగ లేదు. గోడకుర్చీ!"

అలివేలమ్మ నాలుక కరుచుకుని గోడ దాకా నడిచింది. వంగబోతూ ఆగింది.

"బాడిగ లేదులే అప్పా, ఒప్పుకుంటా ఉండా. అంత పెద్ద ఇంట్లో ఒక్కడే పడుకుంటే మరి వాకిలి ఊడ్చేదెవరు?"