అట్ట మీది తెల్లోడు, లోపలి నా గొంతు

మొన్న ఒక ఆదివారం సెంటినరీ కాలనీలో మా అక్క ఇంటికి వెళ్ళి, చాయ్ తాగి, అలవాటు ప్రకారం ఏదో ఒక కోత మొదలుపెడదామని గొంతు సవరించుకుంటుండగా, మా మేనకోడలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద బంగారు రంగు జుట్టు, పిల్లికళ్ళు ఉన్న ఒక తెల్లపిల్ల కూర్చొని ఉంది. మా మేనకోడలు తల ఊపితే ఆమె ఊపింది, నవ్వితే నవ్వింది, నోరు తెరిస్తే ఆ గులాబీ పెదవుల మధ్య నుంచి మా పిల్ల గొంతే వచ్చింది. ఎదురుగా వంటింటి గడపలో ఉల్లిగడ్డలు కోస్తున్న మా అక్క కత్తిపీట మీద నుంచి చెయ్యి తీసి, అదేదో గాలి సోకిన వ్యవహారంలా ఉందని గొణిగింది.

సంగతేమిటంటే, మా మేనకోడలు కొన్నేళ్ళుగా ఇంట్లో కూర్చొనే ఒక కంపెనీ ద్వారా పరాయి దేశపు పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. ఇన్నాళ్ళూ తెర మీద పాఠం బొమ్మలే కనపడేవి, టీచరు గొంతు మాత్రమే వినపడేది. ఇప్పుడు ఆ పిల్లల తల్లిదండ్రులు టీచరు మొహం చూపించమంటున్నారట. చూపిస్తే ఉన్న పిల్లలు కూడా పోతారని కంపెనీవాళ్ళు ముందే ఊహించి, మొహం మార్చే ఈ ఏర్పాటు పంపారు. ఒప్పుకుంటే క్లాసులు ఉంటాయి, లేకపోతే వచ్చే వారం నుంచి ఉండవు. ఆమె భర్తకు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కాంట్రాక్టు పని పోయి చాలా రోజులైంది కనుక, ఇల్లంతా ఆ పిల్ల గొంతు మీదే నడుస్తోంది.

“మామా, ఒప్పుకోమంటవా? గొంతయితే నాదే గదా, మొహం ఎవలిదైతేంది?” అని అడిగింది.

నన్నెరిగిన వాళ్ళకు నా సంగతి తెలుసు. గోదావరిఖనిలో నా మాట విన్నవాళ్ళు సగం తీసేసి నమ్ముతారు, నాతో చదువుకున్నవాళ్ళు ముప్పాతిక తీసేస్తారు, మా ఇంటావిడ మొత్తం తీసేసి ఇంతకూ కూరగాయలు తెచ్చావా అని అడుగుతుంది. విదేశం నుంచి వచ్చిన కొత్తలో, అక్కడ వాన కింది నుంచి పైకి కురుస్తుందని చెబితే చాయ్ హోటల్లో అందరూ నోళ్ళు తెరిచి విన్నారు. మొసలి వేపుడు తింటుంటే తోక పళ్ళెంలోంచి దిగి నడిచిపోయిందంటే, తోక ఎంత పొడుగని అడిగారే తప్ప కాదనలేదు. ఒక్క సంగతి మాత్రం ఆ హోటల్లో ఎవరూ నమ్మలేదు. నేను అక్కడి నుంచి తెచ్చుకున్న వాటిలో అదొక్కటే నిజం. మా మేనకోడలి ప్రశ్నకు జవాబుగా ఆ రోజు నేను చెప్పింది అదే, మీకూ అదే చెబుతున్నాను, దీంట్లో ఏమీ తీసేయనక్కర్లేదు.

మా బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. వాళ్ళ గ్యాంగులో ఒక పద్ధతి ఉండేది, దాన్ని ‘గొంతు పట్టుడు’ అనేవారు. కొత్తగా బావిలో దిగినవాణ్ణి మొదటి రోజు మధ్యలో కూర్చోబెట్టి, అందరూ టోపీ దీపాలకు చేతులడ్డం పెట్టుకొని, ఆ చిమ్మచీకట్లో ఒక్కొక్కరే తమ పేరూ ఊరూ చెప్పేవారు. తర్వాత ఏదో మూల నుంచి ఒకరు దగ్గితే, ఇంకో మూల నుంచి ఒకరు నీళ్ళియ్యమంటే, అది ఎవరి గొంతో ఆ కొత్తవాడు చెప్పాలి. అందరి గొంతులూ పట్టేదాకా వాణ్ణి ఒంటరిగా ఏ పనికీ పంపేవారు కాదు. ఎందుకంటే పైకప్పు కూలే వేళ చీకట్లోంచి వెనక్కి రమ్మని వచ్చిన కేక ఎవరిదో తెలియకపోతే మనిషి కొంచెం తడబడతాడు, ఆ కొంచెం చాలు. ఎదుటివాడి మొహం మీద దీపం కొట్టడం వాళ్ళలో పెద్ద తప్పు. షిఫ్టు దిగి పైకొచ్చేసరికి అందరి మొహాలూ ఒకే రంగులో ఉండేవి కనుక, మొహం చూసి మనిషిని పోల్చుకోవడం బాపుకు ఎన్నడూ అలవాటు కాలేదు. మేం ఇంట్లో చప్పుడు చేయకుండా కూర్చుంటే, ఎవరూ లేరనుకొని బయట గొళ్ళెం పెట్టి వెళ్ళిపోయేవాడు. (సరే, ఇది సగం తీసేసి చదువుకోండి.)

ఆ బొగ్గుదుమ్మే బాపు ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ఇంటి ముందరి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితిలో డాక్టర్లు ఆయనను అన్‌ఫిట్ చేశారు. అలా అన్‌ఫిట్ అయినవాడి ఉద్యోగం ఇంట్లో ఒక కొడుక్కి రావడం మా బొగ్గుబావుల కాలనీల్లో అందరికీ తెలిసిన ఏర్పాటే. కొడుకుల్లో పెద్దవాణ్ణి కనుక అది నాకే రావాలి. నేనేమో అప్పటికి ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతూ, హైదరాబాదు ఏజెంటు ఒకాయన మాట మీద, తూర్పు దిక్కున ఉన్న ఒక దేశంలో టీచరు ఉద్యోగానికి ఎస్టీడీ బూత్‌లో చెమటలు కక్కుతూ ఇంటర్వ్యూ ఇచ్చి ఉన్నాను. ఆ దేశం పేరు రాయను, అక్కడ నాకు ప్రేమగా అన్నం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఫోన్లో అవతలి వైపు ఉన్నది ఆ బడి యజమానురాలు. నా చేత ఒక పాఠం చదివించుకొని, మరోసారి చదివించుకొని, ఈ గొంతు మా పిల్లలకు కావాలి, వెంటనే రమ్మంది. మొహం చూడకుండా ఉద్యోగమివ్వడంలో బాపుకు వింతేమీ కనపడలేదు.

“గొంతు పట్టిన్రు గదా, ఇగ ఫికర్ లేదు పో బిడ్డా,” అన్నాడు.

నేను బాపు ఉద్యోగాన్ని తమ్ముడికి వదిలేశాను. వాడు కాలేజీ పుస్తకాలు అటక మీద పెట్టి, బూట్లు తొడుక్కొని బావిలో దిగాడు. ఆ ఉద్యోగం ఒకసారి ఒకరి పేరు మీద ఎక్కిందంటే మళ్ళీ మార్చడమనేది ఉండదు. అంటే నేను వెనక్కి వస్తే గోదావరిఖనిలో నాకంటూ నిలబడే చోటు లేదన్నమాట. విమానం ఎక్కేటప్పుడు ఆ సంగతి నాకు భయంగా తోచలేదు సరికదా, ఒకింత గర్వంగానే అనిపించింది.

అక్కడ విమానాశ్రయంలో నా పేరు రాసిన అట్ట పట్టుకొని ఒకతను నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి అతని ఎదుట నిలబడ్డాను. అతను మర్యాదగా నన్ను పక్కకు జరగమని చెయ్యి చూపించి, నా భుజం మీదుగా వెనక వచ్చేవాళ్ళను వెతకడం మొదలుపెట్టాడు. నేను మళ్ళీ ఎదుటకు వచ్చాను, అతను మళ్ళీ జరిపాడు. ఇద్దరం కలిసి డాన్సు కట్టినట్టు కొంతసేపు అలా సాగింది. చివరికి ఆ అట్ట మీది పేరు నాదేనని పైకి చెప్పాల్సి వచ్చింది. అప్పుడు అతని మొహంలో కలిగిన మార్పును ఇన్నేళ్ళుగా కథగా మలచాలని చూస్తున్నాను, ఎంత ఉప్పూకారం వేసినా నోట్లో ముద్ద తిరగడం లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, మా ఏజెంటు ఫ్యాక్సులో పంపిన నా ఫోటో అక్కడ నల్లటి మరకగా దిగిందట. వాళ్ళు మెషిన్ చెడిపోయిందనుకొని దాన్ని బాగుచేయించారట.

బడి యజమానురాలు నన్ను కసురుకోలేదు, అది కూడా చెప్పాలి. కోసిన పళ్ళు పళ్ళెంలో పెట్టి, నా ఇంగ్లీషును ఎంతో మెచ్చుకొని, తనకు మాత్రం ఏ భేదమూ లేదని గుండె మీద చెయ్యి వేసి చెప్పింది. అయితే తల్లిదండ్రులు కిటికీల్లోంచి చూస్తారట, టీచరు ఎలా ఉండాలో వాళ్ళ మనసులో ఒక బొమ్మ ఉందట, ఆ బొమ్మకు నేను సరిపోనట. నేను చదువుకున్న చదువు, ఊళ్ళో పిల్లలకు నేర్పిన ఏళ్ళు, వీటిలో ఏదీ ఆ సంభాషణలోకి రానేలేదు. వచ్చి ఉంటే వాటి గురించి వాదించేవాణ్ణి, గెలిచేవాణ్ణి కూడా. కానీ చర్మం గురించి ఏమని వాదిస్తాం?

మర్నాడే ఒక తెల్ల కుర్రాడు తరగతిలోకి వచ్చాడు. ఇంగ్లీషు అతని మాతృభాష కాదు, వాళ్ళ దేశంలో రొట్టెల కార్ఖానాలో పనిచేసి, దేశాలు చూద్దామని బయలుదేరినవాడు. మంచివాడే. సాయంత్రాలు నా గదికి వచ్చి, మర్నాడు చెప్పాల్సిన పాఠంలోని మాటలు ఎలా పలకాలో నా దగ్గర నేర్చుకొని వెళ్ళేవాడు. బడి గోడ మీద నిలువెత్తు అతని బొమ్మ వెలిసింది. నన్ను మాత్రం వెనక వైపు, బయటి చప్పుడు రాకుండా గోడలకు గుడ్ల అట్టలు అతికించిన ఒక గదిలో కూర్చోబెట్టారు. కిటికీ లేదు, ఒక చిన్న బల్బు, ఒక మైకు. నా పని పుస్తకాల్లోని పాఠాలన్నీ చదివి రికార్డు చేయడం. ఆ క్యాసెట్లు పిల్లలు ఇళ్ళకు తీసుకెళ్ళి వినేవారు, అట్టల మీద ఆ తెల్ల కుర్రాడి బొమ్మ ఉండేది. ఇక్కడ తమ్ముడు బాపు టోపీ దీపం పెట్టుకొని బావిలోకి దిగేవాడు, అక్కడ నేను ఆ గదిలోకి. వెనక్కి రావడానికి చోటు లేదు కనుక, ఆఖరి పుస్తకం దాకా చదివాను. ఆఖరి పుస్తకం అయిన వారంలోనే, ఎంతో మర్యాదగా, మళ్ళీ కోసిన పళ్ళతో, ఇక నా అవసరం లేదని చెప్పారు.

ఇంటికి వచ్చాక చాయ్ హోటల్లో ఈ కథ చెప్పి, సాక్ష్యానికి క్యాసెట్ కూడా పెట్టి వినిపించాను. అందరూ అట్టను చేతుల్లో తిప్పి తిప్పి చూశారు.

“అన్నా, తెల్లోడు గంత మంచిగ మాట్లాడుతుంటే నీ గొంతంటవేందే!” అన్నాడొకడు.

“ఊకో, జరంత ఆగితే గా ఫోటో గూడ నాదే అంటడు,” అన్నాడింకొకడు.

హోటలంతా గొల్లున నవ్వింది, నేనూ నవ్వాను. వేరే గతి లేక, ఆ మొసలి తోక కథను పుట్టించింది ఆ మధ్యాహ్నమే.

ఆ క్యాసెట్‌ను బాపు ఒక్కడే, మంచం మీద ఆయాసపడుతూ, కళ్ళు మూసుకొని, మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాదు ఆయనకు. పాఠం అయిపోయాక అట్టను దూరంగా పెట్టి చూశాడు.

“గొంతు నీదే బిడ్డా. మరి గీ బొమ్మల ఉన్నోడెవడు?”

ఎవరో చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. బాపు అట్టను బోర్లించి, వాళ్ళ బడిలో దీపాలు ఎక్కువున్నట్టున్నాయి అని మాత్రం అన్నాడు. తమ్ముడైతే, ఉద్యోగం లేకుండా తిరిగొచ్చిన అన్నకు తన పక్కన కంచం జరిపి చోటిచ్చాడు, అంతే. ఈ మధ్య పక్క గదిలోంచి వాడి దగ్గు వింటుంటే బాపే ఇంకా ఉన్నాడేమో అనిపిస్తోంది.

మా మేనకోడలు ఇదంతా కదలకుండా వింది. చిన్నప్పుడు నేను తెచ్చిన ఆ క్యాసెట్లు వినే అది ఇంగ్లీషు నేర్చుకుంది. అట్ట మీది తెల్లోడే తనకు చదువు చెప్పాడని పెద్దయ్యేదాకా నమ్మింది కూడా, ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంది. కాసేపటికి, గొంతంతా తీసుకున్నాక నిన్నెందుకు ఉంచుకోలేదు మామా అని అడిగింది. గొంతు తీసుకున్నారు కనుకనే అన్నాను. అది ల్యాప్‌టాప్ వైపు తిరిగి, ఇన్నేళ్ళ తన క్లాసులన్నీ కంపెనీ దగ్గరే రికార్డయి ఉన్నాయని మెల్లగా చెప్పి, ఆ బంగారు జుట్టు పిల్లను తెర మీద నుంచి తీసేసింది. నేను వద్దనీ చెప్పలేదు, సరేననీ చెప్పలేదు. ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలిసినవాణ్ణి, ఏ నోటితో చెప్పను?

మర్నాడు క్లాసుకు అది తన మొహంతోనే కూర్చుంది. అవతల ఒక చిన్నపాప. తెర మీద కొత్త మనిషిని చూసి, మా టీచర్ ఏది అని అడిగిందట. నేనేనమ్మా అని ఇది పలికేసరికి, గొంతు పట్టి, కిలకిలా నవ్వి, నిన్నటి పాఠం ఒప్పజెప్పడం మొదలుపెట్టిందట. ఇంతలో పక్క నుంచి ఒక పెద్ద చెయ్యి వచ్చి కెమెరాకు అడ్డం పడింది. తెర చీకటైంది, గొంతు మాత్రం ఆగలేదు. ఆ చీకట్లోంచి పాప టీచర్, టీచర్ అని పిలుస్తుంటే ఇది పలుకుతూనే ఉందట, వాళ్ళమ్మ గొంతు ఆపే మీట వెతికి నొక్కేదాకా. ఆ వారంలోనే కంపెనీవాళ్ళు ఒక్క మాటైనా చెప్పకుండా దీని క్లాసులన్నీ తీసేశారు. ఇప్పుడు పొద్దున్నే గోదావరిఖని బస్సెక్కి, నేను ఒకప్పుడు పాఠాలు చెప్పినటువంటి బడిలోనే, నాకిచ్చినటువంటి జీతానికే చెబుతోంది.

బాపు దిగిన బావి మూతబడి చాలా కాలమైంది. నా ఈడు వాళ్ళకు ఆ బావి సైరను ఇంకా చెవుల్లోనే ఉండి ఉంటుంది. ఇప్పుడు భూమిని పై నుంచే తెరిచి తవ్వుతున్నారు. పగలు ఎండ, పొద్దుగూకితే పెద్ద పెద్ద లైట్లు, అందరి మొహాలూ అందరికీ కనపడతాయి, ఆ యంత్రాల రొదలో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. మొన్న ఆ గట్టు మీద నిలబడి, గొంతు పట్టుడు అంటే ఏమిటో అక్కడి కాంట్రాక్టు పిల్లలకు చెప్పాను. చీకట్లో అందరూ దీపాలకు చేతులడ్డం పెట్టుకొని ఒకరి గొంతు ఒకరు నేర్చుకునేవారంటే, వాళ్ళు ఒకరినొకరు చూసుకొని నవ్వి, మన కాక మళ్ళీ కోతలు మొదలుపెట్టాడన్నారు.