పల్లపు చేలో గుండె బిళ్ళ

వరిలో లోహాల బాధను తట్టుకునే వంగడాల మీద నేను ఉద్యోగజీవితమంతా పనిచేశాను. దేనితోనూ పోల్చి చూడనిది పరీక్ష కాదని నా కింద పనిచేసిన వారికి పదే పదే చెప్పేవాణ్ణి. ఆ మాటను ఎన్నడూ లెక్కచేయనివాడు నా తమ్ముడే. మండపేట దగ్గర మా పొలం వాడే చేసేవాడు. అందులో మురుగు కాలువను ఆనుకుని ఒక పల్లపు చేను ఉంది. వానకాలపు సార్వా పంటలో నీరు నిలిచిందంటే పైన ఎర్రని తెట్టు కట్టేది. మట్టిలోని ఇనుము కరిగి వేళ్లలోకి చేరేది. ఆకులు రాగి రంగుకు తిరిగి, దుబ్బు కట్టకుండానే పైరు చిక్కిపోయేది. ఇనుమంటే వాడికి భయం నేర్పింది ఆ చేనే.

రెండువేల సంవత్సరం దాటిన తరువాతి మాట. హైస్కూల్లో చదువుతున్న వాడి కూతురు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోందని కాకినాడ తీసుకువెళ్లాము. గుండె పైగదుల మధ్య గోడలో పుట్టుకతోనే చిల్లు ఉందని అక్కడి గుండె డాక్టరు తేల్చారు. ఇప్పటికిప్పుడు ప్రమాదం లేదు. అలాగే వదిలేస్తే మాత్రం పెద్దయ్యాక గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. చిల్లు చుట్టూ అంచు సరిపడా ఉన్నందున ఛాతీ కోయనక్కరలేదట. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, హైదరాబాదులో ఒక బిళ్ళతో మూసేస్తారట. చూపించడానికి ఉంచుకున్న నమూనాను ఆయన తమ్ముడి చేతిలో పెట్టారు. సన్నని లోహపు తీగలతో అల్లిన రెండు చిన్న బిళ్ళలు, మధ్యలో పొట్టి మెడ.

"ఇది లోపలే ఉండిపోతుందాండి?" అన్నాడు తమ్ముడు.

"జీవితాంతం ఉంటుందండి."

వాడు దాన్ని బల్ల మీద పెట్టి లేచిపోయాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో వాడి వాదన ఒకటే. ఛాతీ కోసి కుట్టినా సరే, లోపల ఏదీ మిగలకూడదు. పిల్ల తల్లి అందుకు ఒప్పుకోలేదు. సూదిబెజ్జంతో పోయేదానికి పిల్ల రొమ్ము ఎముక కోయిస్తారా అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తండ్రి సరేననకపోతే ఏదీ జరగదు. పిల్ల మాత్రం మా ముందు సీట్లో, ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు, వేరుశనక్కాయలు వొలుచుకుంటోంది.

నేను నాకు తెలిసిన దారిలో నచ్చజెప్పాను. ఇనుమును తట్టుకునే వరి వంగడం వేళ్ల నుంచి గాలిని బయటికి వదిలి, ఇనుమును వేరు పైనే పూతగా నిలిపేస్తుంది. లోపల వేరు తెల్లగానే ఉంటుంది. గుండెలోని బిళ్ళ మీద కూడా కొన్నాళ్లకు ఒంటి కండే పొరలా పరుచుకుంటుందని డాక్టరు చెప్పారు కదా, పైగా అది ఇనుము కాదు, వేరే లోహం అన్నాను.

"మొక్క ఇనుమును బయట ఆపుతోందన్నయ్యా. మీరు పిల్లకి లోపల పెడతామంటున్నారు. ఆ చేలో ఎర్రనీళ్లు చూసినవాణ్ణి, నాకు చెప్పకు," అన్నాడు.

నా పోలిక అక్కడ చాలలేదని నాకూ తెలుసు.

వారం తిరక్కుండానే వాడు ఒంటరిగా కాకినాడ వెళ్లి, డాక్టరును బతిమాలి ఆ నమూనాను అరువు తెచ్చుకున్నాడు. రాజమండ్రిలో మా ఇంటికి వచ్చి, పల్లపు చేలో పాతిపెడతానన్నాడు. అక్కడ నెగ్గితే ఒప్పుకుంటాడట. నాకు కోపం వచ్చింది. బురద వేరు, రక్తం వేరు. ఇందులో నెగ్గినది అందులో నెగ్గుతుందని ఏ శాస్త్రమూ చెప్పదు. కాని వాడి ముఖం చూశాక, వద్దనడానికి నోరు రాలేదు.

"ఒక్కదాన్నే పాతితే ఏం తెలుస్తుందిరా? పక్కనే ఇనుప మేకు కూడా పెట్టు. ఒకే లోతులో, ఒకే చోట," అన్నాను.

మరునాడు నేను కూడా వెళ్లాను. నీరూ బురదా కలిసే చోట, వెదురు పుల్లకు నైలాను దారంతో రెండింటినీ కట్టించాను. గట్టు మీద నిలబడిన మరదలు, "చేలమీద ప్రయోగాలు చాల్లేదాండీ బావగారూ?" అంది. నవ్వుతూ అన్నా, ఆమె కళ్లు మాత్రం ఆ పుల్ల మీదే ఉన్నాయి.

పైరు పిలకలు తొడిగే దాకా ఆగాము. తెట్టు కట్టింది, ఆకులు రంగు తిరిగాయి. తమ్ముడు పుల్ల పీకి, రెండింటినీ గడ్డితో రుద్ది బోదె కాలువలో కడిగాడు. మేకు ఎర్రగా గరుకుదేలి పొరలు రాలుతోంది. బిళ్ళ తీగలు డాక్టరు బల్ల మీద ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. వాడు వేళ్లతో నొక్కి వదిలాడు. బిళ్ళ మళ్లీ తన ఆకారానికి విచ్చుకుంది. చాలాసేపు అలాగే నొక్కుతూ, వదులుతూ నిలబడ్డాడు.

"ఇది వేరే జాతి," అన్నాడు గట్టు మీదున్న భార్యతో.

ఆ బిళ్ళను సబ్బుతో కడిగి తిరిగి ఇచ్చినప్పుడు, సంగతి తెలిసిన డాక్టరు దాన్ని ఇక ఎవరికీ చూపించలేనన్నారు. హైదరాబాదులో పని అనుకున్నట్టే జరిగింది. పిల్ల తొడ దగ్గర ఒక చుక్క మిగిలింది, అంతే. కొన్ని నెలలకు కాకినాడలో మళ్లీ స్కాన్ చేసి, బిళ్ళ కుదురుకుందనీ, చిల్లు పూర్తిగా మూసుకుందనీ చెప్పారు.

ఆ ఏటి రెండో పంట దాళ్వాలో నేను పొలం వెళ్లినప్పుడు పిల్ల మాకు ముందుగా గట్టు మీద పరుగెత్తింది. తమ్ముడు ఎప్పటిలాగే కేకేశాడు.

"పరుగెత్తకే, జారతావు."

అంతకుముందు ఆయాసం వస్తుందని కేకేసేవాడు. పిల్ల ఆగలేదు. గట్టు నిజంగానే తడిగా ఉంది; నేను కూడా గట్టిగానే మందలించాను.